ముందు దిగడం నేర్చుకున్నాను

అందరికీ నమస్కారం. పిల్లల పాటలకీ భోజనాలకీ మధ్య ఈ అరగంట నాకు ఇచ్చినందుకు నిర్వాహకులకు కృతజ్ఞతలు.

నేను ఒంటి చక్రం బండి నడుపుతానని తెలిసి, ఈ మధ్య నన్ను ఎవరు కలిసినా మొదట అడిగేది ఒకటే: "పడలేదా?" పడ్డాను. ఎలా పడ్డానో, ఎందుకు పడ్డానో దాచకుండా చెబుతాను. దానికంటే ముందు ఆ బండి గురించి చెప్పాలి. మీలో చాలామంది ప్యారిస్ రోడ్ల మీద దాన్ని చూసే ఉంటారు కానీ, అది సర్రున వెళ్లిపోతుంది కాబట్టి నిదానంగా చూసి ఉండరు. ఫ్రెంచివాళ్లు జీరోరూ అంటారు, మోనోరూ అని కూడా అంటారు. మనం ఎలక్ట్రిక్ యూనిసైకిల్ అనుకుందాం. ఒకటే చక్రం. దానికి అటొకటి, ఇటొకటి మడత పలకలు. వాటి మీద చెరో కాలు పెట్టి నిలబడాలి. హ్యాండిల్ ఉండదు, సీటు ఉండదు, చేత్తో నొక్కే బ్రేకు ఉండదు. నాది 16 అంగుళాల చక్రం, 480 వాట్-అవర్ల బ్యాటరీ, బరువు సుమారు 14 కిలోలు. మెట్రో మెట్ల మీద మోయగలిగిన బరువు అది. నేను దాన్నే ఎంచుకోవడానికి మొదటి కారణం అదే.

నేను పుట్టి పెరిగింది శ్రీకాకుళం జిల్లాలో. మా తాతయ్య పొలంలో బావి మీద ఏతం ఉండేది. ఏతం మాను మీద మనిషి ఎక్కి బావి వైపు నాలుగడుగులు వేస్తే బాన నీళ్లలోకి దిగేది. వెనక్కి నాలుగడుగులు వేస్తే నిండుగా పైకి లేచేది. తెల్లవారుజామున మొదలుపెట్టి ఎండెక్కేదాకా అలా ముందుకీ వెనక్కీ నడుస్తూనే ఉండేవాళ్లు. అరచేయంత వెడల్పు దూలం, కింద బావి. ఏతం తొక్కే మనిషి కాళ్ల వంక చూసుకోవడం నేనెప్పుడూ చూడలేదు. ఎదురుగా ఉన్న తాటిచెట్ల వైపు చూస్తూ, పక్కవాళ్లతో మాట్లాడుతూ నడిచేవాడు. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, మళ్లీ దీని దగ్గరికి వస్తాను.

ఈ బండి ఎలా నిలబడుతుందన్నది కూడా మనకు కొత్త కాదు. చిన్నప్పుడు అరచేతి మీద కర్ర నిలబెట్టి ఆడుకోనివాళ్లు ఎవరున్నారు? కర్ర ఎటు ఒరిగితే చెయ్యి అటు పరుగెత్తుతుంది. ఇక్కడ కర్ర మనం, అరచెయ్యి చక్రం. లోపలున్న జైరోస్కోప్, యాక్సిలరోమీటర్ మనం ఎంత వంగామో సెకనుకు వందలసార్లు కొలుస్తుంటాయి. ముందుకు వంగితే మోటారు చక్రాన్ని ముందుకు తోసి మన బరువు కిందికి తెస్తుంది. వెనక్కి వాలితే వేగం తగ్గుతుంది. ఆ తగ్గేటప్పుడు పుట్టే కరెంటు మళ్లీ బ్యాటరీలోకే పోతుంది.

అయితే యంత్రం చూసుకునేది ముందువెనకలు మాత్రమే. కుడి ఎడమలు పూర్తిగా మన బాధ్యత. దుకాణంలో "ఇది తనంతట తానే బ్యాలెన్స్ చేసుకుంటుంది" అని చెబుతారు. అది సగం మాటే. పక్కలకు పడిపోకుండా ఆపేది సైకిల్ మీద ఆపేదే: ఎటు పడబోతామో అటే చక్రాన్ని తిప్పడం. అందుకే నెమ్మదిగా వెళ్తే ఎక్కువ ఊగుతుంది, కాస్త వేగం అందుకుంటే నిలబడుతుంది. కొత్తగా నేర్చుకునేవాళ్లకు, అందులోనూ మన వయసువాళ్లకు, జాగ్రత్త అంటే నెమ్మది అనే అలవాటు ఉంటుంది. ఈ బండి దగ్గర మొదట అడ్డొచ్చేది ఆ అలవాటే.

చరిత్ర రెండు ముక్కల్లో చెబుతాను. 2001లో సెగ్‌వే అనే నిలబడి నడిపే బండి వచ్చింది, దానికి రెండు చక్రాలు. 2004లో ట్రెవర్ బ్లాక్‌వెల్ అనే ఆయన ఒంటి చక్రంతో, సీటుతో ఒకటి తయారుచేశాడు. ఇప్పుడు మనం చూస్తున్న రూపం, అంటే సీటు లేకుండా చక్రానికి రెండు వైపులా నిలబడే రకం, అమెరికాలో వాషింగ్టన్ రాష్ట్రంలోని కామస్‌కు చెందిన షేన్ చెన్ సోలోవీల్ పేరుతో తెచ్చాడు. ఆ తర్వాత చైనాలోని షెన్‌జెన్ నుంచి ఇన్‌మోషన్, కింగ్‌సాంగ్ లాంటి కంపెనీలు వచ్చాయి.

నా వరకు ఇది సమ్మెతో మొదలైంది. 2019 డిసెంబరు 5న పెన్షన్ సంస్కరణలకు వ్యతిరేకంగా రవాణా ఉద్యోగులు సమ్మెకు దిగారు, మీకు గుర్తుండే ఉంటుంది. ప్యారిస్ మెట్రోలో డ్రైవర్ అవసరం లేని ఒకటో లైను, పద్నాలుగో లైను మాత్రమే మామూలుగా నడిచాయి. మా ఇల్లు ప్యారిస్ పక్కనే ఉన్న వాన్‌సెన్‌లో, ఆఫీసు నగరంలోని బాస్తీ కూడలి దగ్గర. అంటే నాది ఒకటో లైనే. కానీ నగరమంతా దాంట్లోకే ఎక్కింది, కాలు పెట్టే సందు లేదు. నాలుగు రోజులు ప్రయత్నించి, ఐదో రోజు నుంచి నడక మొదలుపెట్టాను. పోవడానికి గంటా పావు, రావడానికి గంటా పావు. ఆ చలిలో, ఆ చీకట్లో దారిలో ఉన్న నాసియోన్ కూడలి దగ్గర రోజూ ఒకావిడ ఒంటి చక్రం మీద నన్ను దాటుకుని వెళ్లేది. తెల్లజుట్టు, పొడుగు కోటు, వీపున సంచి. వంగడం లేదు, కంగారు లేదు. నిలబడిన మనిషి నిలబడినట్టే జారిపోయేది. ఆమె పేరు తెలియదు, ఒక్కసారి కూడా మాట్లాడలేదు. కానీ ఆమెను చూశాకే ఇది కుర్రాళ్ల వస్తువన్న ఆలోచన నా తలలోంచి పోయింది.

2020 ఫిబ్రవరిలో ఒకరి దగ్గర వాడిన బండి కొన్నాను. అప్పటికి నాకు 46 ఏళ్లు. మార్చి 17న లాక్‌డౌన్ వచ్చింది. బయటికి వెళ్లాలంటే సంతకం చేసిన కాగితం ఉండాలి, వ్యాయామానికైతే ఇంటికి కిలోమీటరు లోపు, గంటకు మించకుండా. మా ఇంట్లో గదుల మధ్య నాలుగు మీటర్ల నడవ ఉంది. రెండు చేతులు చాపితే రెండు గోడలూ అందుతాయి. నా బడి అక్కడే మొదలైంది.

మొదటి పాఠం ఒంటికాలిది. ఒక కాలు పలక మీద, ఇంకో కాలు నేల మీద. చక్రాన్ని కాలి పిక్కకు ఆనించి, ఉన్నచోటే ఎడమకీ కుడికీ అర్ధచంద్రాకారంలో తిప్పాలి. చూడ్డానికి ఏమీ కాదు. కానీ బండికీ కాలికీ మధ్య మాటలు కుదిరేది ఇక్కడే. తొందరపడి దీన్ని దాటేసినవాళ్లు ఆ తర్వాత చాలా ఇబ్బంది పడతారు. చక్రం పక్కభాగం పిక్కను ఒత్తుకుని నాకు కాలు కమిలిపోయింది, నల్లగా మచ్చలు పడ్డాయి. భయపడి ఒత్తి పట్టుకోవడం వల్ల అలా అయ్యింది. కాలిని వదులుగా ఉంచడం వచ్చాక మచ్చలు పడటం ఆగిపోయింది. మందపాటి మేజోళ్లు వేసుకుంటే ఆ వారం పది రోజులు గడిచిపోతాయి.

రెండో రోజు, మూడో రోజు గోడలు పట్టుకుని రెండు కాళ్లూ పైన పెట్టాను. గోడ వదలగానే ఒళ్లు బిగుసుకుపోయేది. కారణం తెలియలేదు. మా అమ్మాయికి అప్పుడు 15 ఏళ్లు. తలుపు దగ్గర నిలబడి చూస్తూ అడిగింది: "అమ్మా, అసలు నీకు దిగడం వచ్చా?"

రాదు. ఎక్కడం, ముందుకు పోవడం, నిలబడటం, వీటి గురించే ఆలోచించాను. దిగడం అనేది నేర్చుకోవాల్సిన పని అనే తట్టలేదు. ఇరవై ఏళ్ల పిల్లలకు ఆ అవసరం లేదు. వాళ్లు పడతారు, లేస్తారు, పడటమే వాళ్లకు దిగడం. నా శరీరం ఆ పద్ధతికి ఒప్పుకోవడం లేదు, ఒప్పుకోకపోవడం సబబే. దిగే దారి తెలియని చోటికి అది నన్ను వెళ్లనివ్వడం లేదు. బిగుసుకుపోవడానికి అసలు కారణం అది.

మర్నాటి నుంచి దిగడం ఒక్కటే సాధన చేశాను. ఎడమకాలు పలక మీద పెట్టు, కుడికాలు ఎత్తు, ఒక జానెడు దూరం జారు, కుడికాలు దించు. అంతే. కుడికాలు దించేటప్పుడు బరువంతా ఎడమకాలి మీద నిలవాలి, చక్రాన్ని ఎడమ పిక్కకు ఆనించుకుని దిగాలి. అప్పుడు బండి పారిపోకుండా మన దగ్గరే ఉంటుంది. అలా రోజుకు వందసార్లు. బండి చేతిపిడికి ఒక పట్టీ కట్టుకున్నాను, జారినా ఎవరి కాలికీ తగలకుండా. నాలుగు రోజులకు ఎక్కడ కావాలంటే అక్కడ దిగగలిగాను. ఐదో రోజు పొద్దున్నే కిందికి, మా భవనం పార్కింగ్‌లోకి తీసుకెళ్లాను. ఎవరూ పట్టుకోకుండా మూడు మీటర్లు వెళ్లాను. దిగాను. మళ్లీ ఎక్కాను, ఐదు మీటర్లు. దిగాను. ఈ సభలో నేను ఒక్క మాటే చెప్పాలంటే ఇదే చెబుతాను. మన వయసులో ధైర్యం చాలక కాదు మనం ఆగిపోయేది. దిగడం ఎవరూ నేర్పకపోవడం వల్ల.

ఇక చూపు. పది మీటర్ల దగ్గర వారం రోజులు ఇరుక్కుపోయాను. మళ్లీ మా అమ్మాయే, "అమ్మా, కిందకి చూడకు" అని అరుస్తూ పక్కన పరుగెత్తేది. అది చెప్పినంత తేలిక కాదు. పాదాల కింద ఏదో కదులుతుంటే తల దానంతటదే వంగుతుంది. అప్పుడు నాకు ఏతం గుర్తొచ్చింది. ఆ మనిషి తాటిచెట్ల వైపు ఎందుకు చూసేవాడో అప్పుడు అర్థమైంది. పార్కింగ్ చివర ప్రహరీ అవతల ఒక చెస్ట్‌నట్ చెట్టు ఉంది. దాని కొమ్మ చీలిన చోటు మీద చూపు నిలిపాను. పొద్దుటి నుంచి ఊగిన బండి ఆ సాయంత్రం నిటారుగా వెళ్లింది. లోపలి చెవిలో బ్యాలెన్స్ చూసుకునే భాగం ఉంటుంది, కళ్లు దానికి తోడు. దూరంగా ఉన్న స్థిరమైన వస్తువు మీద చూపు ఉంటే ఆ రెండూ ఒకే కబురు చెబుతాయి. పాదాల దగ్గర కదిలే నేలను చూస్తే చెరో కబురు చెబుతాయి.

ఇంకో సంగతి నన్ను ఆశ్చర్యపరిచింది. సాయంత్రం నలభై నిమిషాలు కష్టపడినా రాని పని, మర్నాడు పొద్దున ఎక్కగానే వచ్చేసేది. నేర్చుకున్నదాన్ని మెదడు నిద్రలో సర్దుకుంటుంది. అందుకే నేను చెప్పేది: రోజుకు నలభై నిమిషాలు చాలు. ఆదివారం ఒకేసారి నాలుగు గంటలు చేస్తే కాళ్లు అలిసిపోతాయి, అలిసిన కాళ్లతోనే పడతాం. నేను లెక్క రాసుకున్నాను. ఆగకుండా యాభై మీటర్లు వెళ్లడానికి నాకు మొత్తం తొమ్మిది గంటలు పట్టింది. మా అమ్మాయికి రెండు గంటలు. ఆ తేడా చూసి కుంగిపోవాల్సింది ఏమీ లేదు. చేరింది ఇద్దరం ఒక చోటికే.

వయసు మీద పడ్డాక మెదడు మారదంటారు కదా. 2008లో జర్మనీ పరిశోధకులు సుమారు అరవయ్యేళ్ల వాళ్లకు మూడు నెలల పాటు మూడు బంతులు ఎగరేసి పట్టడం నేర్పించి మెదడు స్కాన్ చేశారు. కుర్రవాళ్లంత బాగా నేర్చుకోలేకపోయారు, నిజమే. కానీ నేర్చుకున్నవాళ్ల మెదడులో కదలికను గమనించే చోటా, జ్ఞాపకాలు చూసుకునే హిప్పోక్యాంపస్ అనే భాగంలోనూ గ్రే మ్యాటర్, అంటే నాడీకణాలు ఉండే పదార్థం, పెరిగింది. సాధన ఆపేశాక ఆ పెరుగుదల మళ్లీ తగ్గింది. అలాగే 2022లో బ్రెజిల్ పరిశోధకులు 51 నుంచి 75 ఏళ్ల మధ్య ఉన్న 1,702 మందిని ఒంటికాలి మీద పది సెకన్లు నిలబడమన్నారు. ఐదుగురిలో ఒకరు నిలబడలేకపోయారు. అలా నిలబడలేనివాళ్లకు ఆ తర్వాతి సంవత్సరాల్లో మరణించే ప్రమాదం, వయసూ జబ్బులూ లెక్కలోకి తీసుకున్నాక కూడా, చాలా ఎక్కువగా కనిపించింది. నిలబడలేకపోవడమే మరణానికి కారణమని దానర్థం కాదు, లోపలి ఆరోగ్యానికి అదొక గుర్తు. ఈ సంఖ్యలు మిమ్మల్ని భయపెట్టడానికి చెప్పడం లేదు. యూనిసైకిలే అక్కర్లేదు, పొద్దున పళ్లు తోముకుంటూ ఒంటికాలి మీద నిలబడండి. అది కూడా సాధనే.

వెనక నుంచి ఎవరో అడుగుతున్నారు, మోకాళ్లు నొప్పి పుట్టవా అని. మోకాళ్లు కొద్దిగా వంచి, వదులుగా ఉంచాలి. బిగబట్టి నిలబడితే తప్పకుండా నొప్పి పుడుతుంది. నాకు నొప్పి పుట్టింది అరికాళ్లు. మొదటి నెల పావుగంటకోసారి దిగి నడిచేదాన్ని. మోకాళ్లకు ఇంతకుముందే సమస్య ఉన్నవాళ్లు డాక్టర్‌ని అడిగాకే మొదలుపెట్టండి.

ఇప్పుడు పడటం గురించి. 2021 ఫిబ్రవరి, బాగా చలిగా ఉన్న పొద్దున. ఆఫీసుకు ఆలస్యమైందని టెన్షన్. ముందు రాత్రి ఛార్జింగ్ పెట్టలేదు, బ్యాటరీ పాతిక శాతం దగ్గర ఉంది. నాసియోన్ దాటాక బండి బీప్ అంది. నేను వినిపించుకోలేదు. తర్వాత పలకల ముందు భాగం పైకి లేచింది. దాన్ని టిల్ట్‌బ్యాక్ అంటారు. "ఇక నా వల్ల కాదు, వేగం తగ్గించు" అని బండి మన పాదాలతో చెప్పడం అది. నేను తగ్గాల్సిందిపోయి, అలవాటుగా ఇంకా ముందుకు వంగాను. ఛార్జి తగ్గినకొద్దీ బ్యాటరీ వోల్టేజి తగ్గుతుంది, చలికి ఇంకా నీరసపడుతుంది. మోటారు చక్రాన్ని నా కిందికి తేలేకపోయింది. నేను ముందుకు పడ్డాను. రెండు అరచేతులూ నేలకు తగిలాయి. మణికట్టు గార్డుల కింద ఉండే ప్లాస్టిక్ పట్టీ రోడ్డు మీద జారి గీసుకుపోయింది, చేతులకు ఏమీ కాలేదు. మోచేయి చీరుకుంది, రెండు వారాలు పట్టింది మానడానికి.

ఇక్కడ ఆడవాళ్లకు ప్రత్యేకంగా చెప్పాలి. మెనోపాజ్ సమయంలో, ఆ తర్వాత ఎముకల గట్టిదనం తగ్గుతుంది. పడేటప్పుడు మనం చేతులు ముందుకు చాపుతాం కాబట్టి మణికట్టు విరగడం చాలా సాధారణం. హెల్మెట్, మణికట్టు గార్డులు, మోకాలి ప్యాడ్లు లేకుండా నేను ఒక్క మీటరు కూడా వెళ్లను. నేర్పేటప్పుడు ఎవరినీ వెళ్లనివ్వను. చలికాలంలో సగం ఛార్జి కంటే తక్కువ ఉంటే ఇంట్లోంచి తీయను. పూర్తిగా నిండిన బ్యాటరీతో ప్యారిస్‌లోని బెల్‌విల్ లాంటి వాలు దిగడమూ మంచిది కాదు. దిగేటప్పుడు పుట్టే కరెంటుకు బ్యాటరీలో చోటుండదు, బండి మళ్లీ హెచ్చరిస్తుంది.

చట్టం త్వరగా చెప్పేస్తాను. ఫ్రాన్స్‌లో 2019 అక్టోబరు డిక్రీతో ఈ బండ్లకు రోడ్డు నియమాలు వచ్చాయి. గంటకు 25 కిలోమీటర్లు మించకూడదు. సైకిల్ దారి ఉంటే దాంట్లోనే వెళ్లాలి. ఫుట్‌పాత్ ఎక్కితే 135 యూరోల జరిమానా. ఇద్దరు ఎక్కకూడదు, చెవుల్లో ఇయర్‌ఫోన్లు ఉండకూడదు. ఇన్సూరెన్స్ తప్పనిసరి. ఇంటి ఇన్సూరెన్సులో ఇది కలిసి ఉంటుందని అనుకోకండి, ఫోన్ చేసి అడగండి. కనీస వయసు మొదట 12 ఉండేది, 2023 నుంచి 14. జర్మనీ నియమాలు హ్యాండిల్ ఉన్నవాటినే ఒప్పుకుంటాయి కాబట్టి అక్కడ ఇది రోడ్డెక్కకూడదు. బ్రిటన్‌లో ప్రైవేటు స్థలంలో, యజమాని అనుమతితో తప్ప నడపకూడదు. బంధువుల ఇంటికి వెళ్తూ వెంట తీసుకెళ్దామనుకునేవాళ్లు ఇది గుర్తుంచుకోవాలి. విమానంలోకి అసలే ఎక్కనివ్వరు. అనుమతి తీసుకున్నా బ్యాటరీ పరిమితి 160 వాట్-అవర్లే. అందుకే నా బండి శ్రీకాకుళం చూడలేదు.

శ్రీకాకుళమే దాన్ని చూడటానికి వచ్చింది. నేను నేర్చుకుంటున్నానని తెలిసినప్పుడు మా అమ్మ ఫోన్‌లో, "ఏటే ఇదీ? నీకేటైనా అయితే పిల్లని ఎవులు చూస్తారు?" అని బాధపడింది. ఆ భయం న్యాయమైనదే, దానికి మాటలతో సమాధానం చెప్పలేకపోయాను. 2023 వేసవిలో అమ్మ ఇక్కడికి వచ్చింది. దోమెనిల్ చెరువు దగ్గర ఒక బెంచీ మీద కూర్చోబెట్టి, కనిపించేంత దూరం వెళ్లి వచ్చి ఆమె ముందు దిగాను. చాలాసేపు బండి వంక చూసింది. "మీ తాత ఏతం తొక్కినప్పుడు నన్ను కూడా మాను మీద ఎక్కించుకునేవాడు. దిగేటప్పుడు మాత్రం వెనక్కి చూడనిచ్చేవాడు కాదు" అంది. అప్పటిదాకా ఈ సంగతి నాకు చెప్పలేదు. చెప్పులు విడిచి, నా భుజం పట్టుకుని, ఒక పాదం పలక మీద పెట్టి కాసేపు అలా నిలబడింది. బండి ఆపే ఉంచాను.

బండి ఈ హాలు వెనక తలుపు దగ్గర పెట్టాను. ఛార్జి ఎనభై శాతం ఉంది. రెండు జతల గార్డులు, ఒక పెద్ద హెల్మెట్, ఒక చిన్న హెల్మెట్ తెచ్చాను. భోజనాల తర్వాత పార్కింగ్‌లో ఉంటాను. పద్నాలుగేళ్లు దాటినవాళ్లు ఎవరైనా రావచ్చు. చీర కట్టుకున్నవాళ్లు ఇవాళ ఎక్కొద్దు, అంచు చక్రంలో పడుతుంది, ఇంకో రోజు రండి. ఇవాళ ఎవరినీ ముందుకు నడపనివ్వను. ఒక కాలు పెట్టడం, దిగడం, అంతవరకే.